దొరసాని పాలచీటీలు

రెండో తారీకు, సోమవారం

చెల్లికి, అక్క దీవెనలతో రాసేది.

నీ దగ్గు ఎలా ఉంది? పడుకున్నాక వచ్చే దగ్గా, లేచాక వచ్చే దగ్గా? పడుకున్నాక వచ్చేదైతే మంచిది కాదు, లేచాక వచ్చేదైతే అసలే మంచిది కాదు. మరిది నడుము ఎలా ఉంది? దాణా బస్తాలు ఇంకా తనే ఎత్తుతున్నాడా? కుంటి కోడి గుడ్లు పెడుతోందా, లేక పెట్టినట్టు అరిచి ఊరుకుంటోందా? మీ ఇంటికీ మా ఇంటికీ నడుమనున్న గోడ మీద బీట పెరిగిందా? గోడ క్షేమం కూడా అడగాలి, అది నా వైపే ఒరిగింది. ఆఖర్న అడుగుతున్నాను గానీ ముందు అడగాల్సిన మాట, మన ఆవు దొరసాని ఎలా ఉంది?

నేను అమ్మాయి ఇంటికి వచ్చి ఐదు రోజులైంది. చీలమండ కట్టు ఇరవై ఏడో తారీకు దాకా విప్పరట. ఇల్లు మూడో అంతస్తు. కింద ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో తెలియదు. అల్లుడు మంచివాడే, కానీ మాట్లాడడు. మాట్లాడేవాళ్ళ మనసులో ఏముందో కొంచెం తెలుస్తుంది, మాట్లాడని వాళ్ళ మనసులో ఎంత ఉందో ఏం తెలుస్తుంది? ఫోను చెయ్యమని అమ్మాయి అంటుంది. ఫోనులో నాకు సగం వినపడదు, వినపడిన సగం నమ్మబుద్ధి కాదు. కాగితం మీదైతే ఎవరు ఏమన్నారో ఆధారం ఉంటుంది.

దొరసానిని నీ చేతుల్లో పెట్టి వచ్చాను. వేరే చేతులు లేక పెట్టాను. అది నా చేతికి పూటకి నాలుగున్నర లీటర్లకి తగ్గకుండా ఇచ్చేది. పొద్దుటి పాలు ఎప్పటిలాగే ఇంటికి వాడుకోండి. సాయంత్రం పాలు కేంద్రంలో పోసినప్పుడు గుమాస్తా ఇచ్చే చీటీలు పారెయ్యకుండా నాకు పంపు. నమ్మకం లేక కాదు. చూసుకుంటే నిద్ర పడుతుందని.

ఇట్లు, మూడో అంతస్తులో ఉన్న నీ అక్క.

తాజాకలం: మా అమ్మ ఇచ్చిన ఇత్తడి పిడి కత్తెర కనబడకుండా పోయి పంతొమ్మిదేళ్ళయింది. దాని సంగతి నేను నిన్ను మళ్ళీ అడగడం లేదు. గుర్తు చేస్తున్నానంతే.


ఐదో తారీకు, గురువారం

అక్కకి, తోటికోడలు నమస్కారాలతో రాయడం.

ఇక్కడ అందరం బాగున్నాం. దగ్గు పడుకున్నాకా వస్తోంది, లేచాకా వస్తోంది. మీ మరిది నడుము ఎప్పటిలాగే ఉంది. కోడి అరుస్తోంది. గోడ నిలబడే ఉంది.

దొరసాని సంగతే బాగాలేదు. మీరు వెళ్ళిన మర్నాటి నుంచి రెండు లీటర్లకి దిగిపోయింది. మేత తింటోంది, నీళ్ళు తాగుతోంది, పొదుగు నిండుగా కనిపిస్తోంది. నేను కూర్చోగానే మాత్రం బిగబట్టుకుని గోడ వైపు చూస్తుంది. పశువుల డాక్టరమ్మని పిలిపించాను. ఆవిడ అంతా చూసి, జబ్బేం లేదంది. పాలు లేక కాదట, వదలక. అలవాటైన మనిషి కనబడకపోయినా, బెదురు పుట్టినా ఆవు చేపు ఇవ్వదట. ఎంత పిండినా పైనే ఎగబట్టుకుంటుందట. మీరు ఎటువైపు కూర్చునేవారు, అది రోజుకి ఎంతసేపు పడుకుని నెమరేసేది, పాలు తీసేటప్పుడు మీరు ఏమైనా మాట్లాడేవారా, ఇవన్నీ రాసి పంపమంది.

మీ వాసన ఉంటే నమ్ముతుందేమోనని మీ ఊదా శాలువా కప్పుకుని వెళ్ళాను. మీ మోకాళ్ళ మందు కూడా కాస్త రాసుకున్నాను. వాసన చూసింది, నా మొహం చూసింది, బకెట్టు తన్నింది.

ఇంకో మాట దాచి లాభం లేదు. ముసలిదైపోయింది, ఇంక దీన్ని మేపడం దండగ అంటున్నారు మీ మరిది. ఈ నెల ముప్పై నాటికి సాయంత్రం పూట నాలుగు లీటర్లకి రాకపోతే పశువుల బేరగాడికి ఇచ్చేస్తారట. బేరగాడికి కబురు కూడా వెళ్ళింది. చీటీలు పెట్టాను. సోమవారం రెండు, మంగళవారం ఒకటిన్నర, బుధవారం నాలుగు. బుధవారం సాయంత్రం పాల వేళకి మీ ఉత్తరం వచ్చింది, ఆ పూట అన్ని పాలు ఎందుకిచ్చిందో నాకూ తెలియదు.

ఇట్లు, మీ చెల్లి.

తాజాకలం: మాటకీ మాటకీ మధ్య కాస్త ఖాళీ వదలండి అక్కా. మీ ఉత్తరం ఒక్కో అక్షరం పట్టుకుని గట్టిగా పైకి చదివితే తప్ప అర్థం కావడం లేదు.


ఏడో తారీకు, శనివారం

చెల్లికి, అక్క రాసేది. నీ రెండు రకాల దగ్గూ, మరిది నడుమూ, కోడీ, గోడా తగ్గుముఖం పట్టాలని కోరుకుంటున్నాను. గోడ తగ్గుముఖం పట్టకూడదు, అది అలాగే ఉండాలి.

ఊదా శాలువా నా పెట్టెలో ఉంటుంది. పెట్టెకి తాళం ఉంటుంది. తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. మోకాళ్ళ మందు డబ్బా వచ్చే ముందు రోజే మూత తీశాను. కాస్త రాసుకున్నానన్నావు. మోకాళ్ళు రెండే కదా, కాస్త అంటే ఎంత?

డాక్టరమ్మకి చెప్పు. దొరసాని దగ్గరికి కుడివైపు నుంచి వెళ్ళాలి. బకెట్టు చప్పుడు కాకూడదు. పంపు దగ్గర ఆగి నీళ్ళవంక చూస్తుంది, తాగదు, ఊరికే చూస్తుంది, చూడనివ్వాలి. నువ్వు లాక్కెళ్ళి ఉంటావు. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని నెమరేస్తుంది, అప్పుడు లేపకూడదు. లేపితే ఆ పూట అర లీటరు తగ్గుతుంది, నేను చూశాను. ఎడమవైపు వెనక చన్ను ఆఖర్న పట్టుకోవాలి. పసుపు రంగు వానకోటు వేసుకున్న మనిషి కొట్టంలోకి రాకూడదు. ఇక పాలు తీసేటప్పుడు మాట్లాడతానా అని అడిగిందట. ఆవుతో మాట్లాడటానికి నేనేమైనా మతి చెడిన దాన్నా? నా మానాన నేను నోరు మూసుకుని పాలు తీసుకుంటాను.

ఇప్పుడు చీటీల సంగతి. రెండు, ఒకటిన్నర, ఉన్నట్టుండి నాలుగు. ఆవు పొదుగులో పాలు అలా ఎగిరి దూకవు. ఎవరో తీస్తే తగ్గాలి, ఎవరో భయపడితే పెరగాలి. నీ అన్న కొడుకు టీ కొట్టు పెట్టాడని అమ్మాయి చెప్పింది. ఈ మాట నాకు నువ్వు ఎందుకు చెప్పలేదో ఆలోచిస్తూ నిన్న అన్నం సరిగా తినలేదు. టీ కొట్టుకి పాలు కావాలి కదా. నేనేం అనడం లేదు. కావాలి కదా అంటున్నానంతే.

మరిదికి చెప్పు, దాన్ని అమ్మే హక్కు తనొక్కడికే లేదు. అది పుట్టినప్పుడు ముందు కాళ్ళు పట్టి లాగింది నేను. బేరగాడు తీసుకెళ్ళిన ఆవుకి ఏ కొట్టం దొరుకుతుందో, ఏ చెయ్యి పడుతుందో అని రాత్రి రెండుసార్లు లేచి క్యాలెండరులో ముప్పయ్యో తారీకు చూశాను.

ఇట్లు, అక్క.

తాజాకలం: శాలువా మడత పెట్టే ముందు దులుపు. ఆవు వాసన పోతుంది. నీ వాసన కూడా.


పన్నెండో తారీకు, గురువారం

అక్కకి నమస్కారాలు.

మీ ఉత్తరం సోమవారం అందింది. మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను. పంపు దగ్గర ఆపుతున్నాను, అది నీళ్ళని చూస్తుంటే నేను దాన్ని చూస్తున్నాను. ఇద్దరం పనిలేని వాళ్ళలా ఉన్నాం. కొంత గుణం కనబడింది, ఇదివరకటిలా తన్నడం లేదు. కానీ అది చాలదు. చీటీలు చూడండి. సోమవారం నాలుగున్నర, మంగళవారం నాలుగు, బుధవారం మూడు, ఇవాళ రెండు.

మా అన్న కొడుకు టీ కొట్టు పెట్టిన మాట నిజమే. బాగా సాగుతోందట. పాలు ఎక్కడివని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

మీ మరిది గడువు మార్చలేదు. బేరగాడు పదిహేనున ఒకసారి చూసి వెళ్తాడట.

అక్కా, మీరు ఉత్తరాలు ఆపకండి. పెద్దవి రాయండి. కాగితానికి రెండు వైపులా రాయండి. మనసులో ఏది ఉంటే అది, నా మీద ఉన్నది కూడా, మొహమాటం లేకుండా రాయండి. కిందటి తాజాకలంలో మాటల మధ్య ఖాళీలు వదలమన్నాను కదా, అక్కర్లేదు. ఎప్పటిలాగే రాయండి.

ఇట్లు, చెల్లి.

తాజాకలం: మీ పెట్టెలో శాలువా కింద ఇంకా చాలా ఉన్నాయి అక్కా. అన్నీ చూడలేదు. సగమే చూశాను.


పద్నాలుగో తారీకు, శనివారం

చెల్లికి, అక్క రాసేది.

నీ దగ్గు ఎలా ఉందో అడగకూడదనుకున్నాను. ఎలా ఉంది? మరిది నడుము ఎలా ఉంది? బేరగాడికి కబురు పంపడానికి ఆ నడుము వంగిందా? కోడి, గోడ ఎలా ఉన్నాయి? నా పెట్టెలో మిగతా సగం ఎలా ఉంది?

నేను పెద్దగా చదువుకోలేదు గానీ చూడటం వచ్చు. క్యాలెండరు చింపి, వెనక వైపు చీటీలన్నీ వరసగా అతికించాను. ఉత్తరం అందిన రోజు నాలుగు. మళ్ళీ ఉత్తరం అందిన రోజు నాలుగున్నర. ఆ మర్నాటి నుంచి దిగుడు. నాలుగు, మూడు, రెండు, మెట్లు దిగినట్టు. ఇంత తిన్నగా ఏ ఆవూ తగ్గదు, మనుషులే తగ్గిస్తారు. నా ఉత్తరం చూసిన రోజు నీకు గుండె దడదడలాడుతుంది, పాలన్నీ బుద్ధిగా కేంద్రంలో పోస్తావు. మర్నాడు దడ కొంచెం తగ్గుతుంది, అర లీటరు టీ కొట్టుకి వెళ్తుంది. మూడో నాటికి నేను ఎవరో కూడా నీకు గుర్తుండదు.

క్యాలెండరు అల్లుడికి చూపించాను. చాలాసేపు చూశాడు. ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి నాతో ఒక మాట పూర్తిగా మాట్లాడాడు. దొంగతనమైతే భయం పోయాక ఒక్కసారే తగ్గాలి కదండీ అత్తయ్యగారూ, ఇది ఏదో మందు బలం తగ్గుతున్నట్టుంది, అన్నాడు. ఇన్నాళ్ళు మాట్లాడనివాడు నీ తరఫున ఎందుకు మాట్లాడాడో అది ఇంకో దిగులు. అతనికి టీ అంటే ఇష్టం.

ముప్పై ఏళ్ళుగా ఒకే గోడకి అటూ ఇటూ బతుకుతున్నాం. నీ వంటింట్లో మూత కింద పడితే నా వంటింట్లో వినిపిస్తుంది. నా కత్తెర పోయిన రోజున కూడా నువ్వు ఇలాగే తాపీగా, ఎక్కడో ఉంటుందిలే అక్కా, వెతకండి, అన్నావు. ఎవరి దగ్గర ఉందో తెలిసిన మనిషే అంత తాపీగా ఉంటుంది. ఆ కత్తెర పోయాక నేను కొన్న ఏ కత్తెరా తిన్నగా తెగలేదు. నీకు దొరసాని కూడా అలాగే కనబడకుండా పోవాలని ఉందా? నెలాఖరుకి అది పోతే, నేను కుంటుకుంటూ వచ్చి ఖాళీ కట్టుకొయ్య చూడాలా? నిన్ను నేను ఏమనుకుంటున్నానంటే, నువ్వు వట్టి

ఇక్కడ సిరా కారింది. మంచికే కారింది.

ఇట్లు, అక్క. ఇంకా అక్కనే.

తాజాకలం: దగ్గుకి వేన్నీళ్ళు తాగు. నీ మీద కోపం వేరు, దగ్గు వేరు.


పదిహేడో తారీకు, మంగళవారం

అక్కకి నమస్కారాలు.

చాలా మంచి ఉత్తరం రాశారు. మీరు ఇంత బాగా రాయగలరని నాకు తెలియదు. నిన్న సాయంత్రం అందింది, నిన్నటి చీటీ చూడండి. ఐదు లీటర్లు. పాల కేంద్రం గుమాస్తా రెండోసారి కొలిచాడు. ఇవాళ నాలుగున్నర.

ఆఖరి పేజీలో నన్ను వట్టి ఏదో అన్నారు. సిరా మరక వల్ల ఆ మాట చదవడం కుదరలేదు. దయచేసి విడమరిచి మళ్ళీ రాయండి. ఒక్క మాటే అక్కర్లేదు, నాలుగైదు ఉన్నా ఫరవాలేదు.

బేరగాడు ఆదివారం వచ్చాడు. దొరసాని నోరు తెరిచి పళ్ళు చూశాడు, పొదుగు తట్టాడు, తోక ఎత్తాడు. ఆ పూట అది ముప్పావు లీటరు ఇచ్చింది. మీ మరిది అదే పట్టుకుని కూర్చున్నారు. నిన్నటి ఐదు చూపిస్తే, ఒక్క రోజు మంచితనం నాకొద్దు, వారం రోజులు వరసగా చూపించమను, అన్నారు. ఆవుకి నేనేం చెప్పను?

త్వరగా రాయండి. మీ మీద ఆధారపడి ఉన్నాం.

ఇట్లు, చెల్లి.

తాజాకలం: కత్తెర గురించి మీరు అన్నది నిజం కాదని నేను రాయడం లేదు. నిజమని కూడా రాయడం లేదు. మీరే ఆలోచించి రాయండి.


పంతొమ్మిదో తారీకు, గురువారం

ప్రియమైన పిన్నికి, అమ్మ చెప్పగా మీ అమ్మాయి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తున్నాము. మీ ఉత్తరం చదివాక అమ్మకి రక్తపోటు బాగా పెరిగింది. డాక్టరుగారు వచ్చి దిగులు పెట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. అందువల్ల కలం నేను తీసుకున్నాను.

అమ్మకి మీ మీద పూర్తి నమ్మకం ఉంది. ఆవు విషయంలో మీరేం చేసినా మంచికే చేస్తారని అమ్మ అభిప్రాయం. కత్తెర సంగతి పాతదైపోయింది, దాన్ని అందరం మరిచిపోదాం. అమ్మ ఇప్పుడు ప్రశాంతంగా ఉంది. దేని గురించీ బెంగ లేదు.

బాబాయికి నా నమస్కారాలు తెలియజేయండి.

ఇట్లు, మీ అక్కగారి తరఫున, మీ అమ్మాయి.

తాజాకలం: చెల్లీ, ఇది అక్క రాస్తోంది. అమ్మాయి కవరు తేవడానికి లోపలికి వెళ్ళింది. పైనున్న వాటిలో ఒక్క ముక్క కూడా నేను చెప్పలేదు. దగ్గు ఎలా


ఇరవై ఒకటో తారీకు, శనివారం

అక్కకి నమస్కారాలు. ఇది మీరొక్కరే చదవండి, కానీ అమ్మాయికి చూపించినా మంచిదే.

మీ ఉత్తరం ఇవాళ అందింది. లీటరు. అంతే. ఇంక దాచి లాభం లేదు, మొదటి నుంచీ చెప్తాను.

మొదటి ఉత్తరం పోస్టుమాను కొట్టం దగ్గరికే తెచ్చి ఇచ్చాడు. అప్పటికే బకెట్టు పెట్టి కూర్చున్నాను, అది ఎప్పటిలాగే బిగబట్టుకుంది. దాన్ని కాస్త వదిలేద్దామని కూర్చున్నచోటే ఉత్తరం విప్పాను. మీ రాత సంగతి తెలుసు కదా, పైకి చదవడం మొదలుపెట్టాను. తడుముకుంటూ, ఆగుతూ, చదివిందే చదువుతూ. నా దగ్గు దగ్గర దొరసాని చెవి ఇటు తిప్పింది. మీ మరిది నడుము దగ్గర నెమరు మొదలుపెట్టింది. గోడ బీట దగ్గర నిట్టూర్చింది. తాజాకలంలో కత్తెర మాట రాగానే, అక్కా, పొదుగులోకి చేపు దిగింది. ఎవరో పంపు తిప్పినట్టు పాలు వచ్చాయి.

నేను నమ్మలేదు. మర్నాడు వార్తాపత్రిక చదివాను, తన్నింది. మీ మరిది పాడారు, ఆయన్నీ తన్నింది. మళ్ళీ మీ ఉత్తరమే చదివాను, కొంచెం తగ్గింది. ఆ మర్నాడు ఇంకొంచెం. రెండోసారి నేను తడుముకోకుండా చదివేస్తాను, అది నా గొంతులా వినబడుతుంది. తడుముకుంటేనే మీ గొణుగుడులా ఉంటుంది. అందుకే కొత్త ఉత్తరం కావాలి. అందుకే పెట్టెలో సగం చూశానన్నాను, టీ కొట్టు సంగతి నానబెట్టాను. నేను ఉన్నదున్నట్టు రాస్తే మీరు కుదుటపడతారు. మీరు కుదుటపడి రాసిన ఉత్తరానికి దొరసాని ఎంత ఇస్తుందో ఇవాళ చూశాం. అమ్మాయి రాసిందంతా చదివితే మొహం తిప్పేసుకుంది. మీ తాజాకలం దగ్గర చెవి కదిపింది. ఆ లీటరు దానిదే.

డాక్టరమ్మకి చెప్తే నవ్వలేదు. ఆవుకి మాట అర్థం కాదు గానీ, రోజూ వినే గొంతు, అదే వరసలో వినబడితే భయం పోయి పాలు వదులుతుందంది. అక్కగారి దిగులే దీనికి నిశ్చింత అంది.

నాకు అర్థమైంది ఇంకొకటి ఉంది. తొమ్మిదేళ్ళుగా రోజుకి రెండు పూటలా మీరు కొట్టంలో ఆవుకి నా సంగతులే చెప్తున్నారు. మతి చెడిన దాన్నా అని రాశారు. సిరా మరక ఉత్తరానికి కత్తెర దగ్గర మొదటి చేపు, తాజాకలంలో దగ్గు దగ్గర రెండో చేపు. తిట్టి, ఆ వెంటనే దగ్గు తగ్గిందో లేదో అనేవారన్నమాట. గోడకి ఇవతల ఉండి ఇన్నేళ్ళూ నేను మొదటి సగమే విన్నాను.

మీ మరిది ఇవాళ్టి లీటరు చూసి ముప్పయ్యో తారీకునే ఖాయం చేసుకున్నారు. రోజూ కొంచెం కొంచెం చదువుకునేలా పెద్ద ఉత్తరం రాయండి. ప్రశాంతంగా మాత్రం ఉండకండి.

ఇట్లు, మీ చెల్లి.

తాజాకలం: మా అన్న కొడుకు టీ కొట్టులో వాడేది పాలపొడి. ఇది కూడా మీకు దిగులు పుట్టిస్తుందనే ఇన్నాళ్ళు దాచి ఉంచాను.


ఇరవై మూడో తారీకు, సోమవారం

చెల్లికి, అక్క రాసేది.

ఈ ఉత్తరం ఒక్క పూటలో చదివెయ్యకు. పూటకి రెండు పేజీలు, అంతకు మించొద్దు. మాటల మధ్య ఖాళీ ఎక్కడా వదల్లేదు. కలం అమ్మాయే తెచ్చి ఇచ్చింది, నీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ కూర్చుండిపోయింది. అల్లుడు కాగితాలు తెచ్చాడు. మందు బలం అని నేను ముందే చెప్పాను కదండీ అన్నాడు. ఇది అతని రెండో మాట. ఇలా అలవాటైతే రేపు ఎన్ని మాట్లాడతాడో.

నీ దగ్గు ఎలా ఉంది? కొట్టంలో కూర్చుని పైకి చదివితే దగ్గు ఎక్కువవదా? మెడకి ఊదా శాలువా చుట్టుకో. మరిది నడుము ఎలా ఉంది? ఆవు తన్నిన చోట వాపు ఉందా? ఉన్నా చెప్పడు, వాళ్ళన్న కూడా ఉన్నన్నాళ్ళూ అంతే. కుంటి కోడి ఆ అరుపులన్నీ ఎందుకు అరుస్తోందో కనుక్కున్నావా, గుడ్లు ఎవరైనా పట్టుకెళ్తున్నారేమో. గోడ బీటలో అగ్గిపుల్ల పెట్టి చూడు, జారి లోపలికి పోతే బీట పెరిగినట్టు. పంపు కారుతోందా? కొట్టం కప్పు మీద రేకు ఊగుతోందా? గాలి వస్తే ఎగిరి ఎక్కడ పడుతుందో, ఎవరి మీద పడుతుందో, పడితే మన మీదకి ఎవరు వస్తారో. పాల కేంద్రం గుమాస్తా రెండోసారి ఎందుకు కొలిచాడు? మొదటిసారి కొలిచినప్పుడు ఏం చేస్తున్నాడు? పాలపొడి అంటే దేనితో చేస్తారు, అది తాగిన వాళ్ళకి ఏమవుతుంది, నీ అన్న కొడుక్కి చెప్పేవాళ్ళు ఎవరూ లేరా?

ఇక కత్తెర. నా కత్తెర నువ్వే తీశావు. పంతొమ్మిదేళ్ళుగా అంటున్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఎక్కడో ఉంటుందిలే అక్కా అన్నావు, ఎక్కడుందో చెప్పలేదు. నువ్వు వట్టి గుంభన మనిషివి. అప్పుడు సిరా పడి చెరిగిన మాట ఇదే. ఇంతకన్నా పెద్ద మాట అనుకుని ఉంటావు.

ఆవుతో నేను మాట్లాడతానన్నావు. నాలో నేను అనుకుంటాను, అది వింటే నేనేం చెయ్యను.

ఇట్లు, బొత్తిగా ప్రశాంతంగా లేని నీ అక్క.

తాజాకలం: గుండుసూదితో గుచ్చిన చిన్న ముక్క కొట్టంలో విప్పకు. ఇంటికెళ్ళి, తలుపేసుకుని, మనసులో చదువుకో.


(గుండుసూదితో గుచ్చిన ముక్క)

చెల్లీ, నిన్న గుండీ కుట్టుకుందామని సూది కోసం అమ్మాయి కుట్టుమిషను సొరుగు లాగాను. అడుగున కత్తెర ఉంది. ఇత్తడి పిడి, మా అమ్మ గోటితో గీసిన గీత, అన్నీ ఉన్నాయి. అమ్మాయి మొదటి కాన్పుకి నేను ఇక్కడికి వచ్చినప్పుడు చంటిదాని బట్టలు కత్తిరించడానికి నేనే తెచ్చానట. అమ్మాయికి గుర్తుంది. తనని ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట.

నీకు ఏమని రాయాలో తెలియక రాత్రి రెండు కాగితాలు పాడుచేశాను. అన్న మాటలు వెనక్కి రావు. వచ్చినా ఇప్పుడు తీసుకోవడానికి లేదు. ఆ కత్తెర మాట మానేస్తే దొరసాని చేపు ఇవ్వదు. కాబట్టి నేను వచ్చాక కూడా రెండు పూటలా, నా కత్తెర నువ్వే తీశావని పైకే అంటాను. గోడ అవతల నుంచి విని ఊరుకో. రెండో సగం కూడా వినిపించేలా కాస్త గట్టిగా అంటాను. కత్తెర సంచిలో పెట్టి తెస్తున్నాను, నీ దగ్గరే దాచు. అప్పుడు నేను అనేది అబద్ధం కూడా కాదు.

నా దిగులు ఇప్పుడు ఒక్కటే, అది నీ గొంతుకి అలవాటు పడిపోయి నన్ను మరిచిపోతుందేమోనని. అందుకని మొదటి రోజు నువ్వు పక్కన కూర్చో. నేను పాలు తీస్తాను, నువ్వు దగ్గు. మరిదిని కూడా చూడమను, బేరగాడికి వద్దని చెప్పే నోరు అతనిదే కదా.

కట్టు శుక్రవారం విప్పుతారు. ఇరవై ఎనిమిదో తారీకు, శనివారం, మధ్యాహ్నం బస్సుకి దిగుతాను, సాయంత్రం పాల వేళకి కొట్టంలో ఉంటాను.